ఎత్తు తక్కువైతే టెన్నిస్ వదులుకోవాలా?

వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు బీపీఈడీ రెండో సంవత్సరం చదువుతున్న 23 ఏళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు, కాలేజీ ఏవీ బయటపెట్టవద్దని కోరారు. పెద్ద ఉత్తరం కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆమె ఎత్తు 152 సెంటీమీటర్లు. బడిలో చదివేటప్పుడు ఖో-ఖో జిల్లా జట్టులో ఆడారు, ఆ కాళ్ల చురుకుతోనే ఈ కోర్సు ప్రవేశ పరీక్ష పీఈసెట్ గట్టెక్కారు. టెన్నిస్ రాకెట్ పట్టుకున్నది మాత్రం కాలేజీకి వచ్చాకే. ఆట బాగా నచ్చింది. ప్రత్యేక క్రీడగా అదే తీసుకోవాలని నిశ్చయించుకున్నారు. గోడకు బంతి కొట్టే డయర్ పరీక్షలో క్లాసులో రెండో స్థానం వచ్చింది. ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ కూడా ఫరవాలేదు. పాయింటు మొదలుపెట్టే సర్వీస్ పరీక్షలో మాత్రం పది బంతుల్లో రెండే లోపల పడ్డాయి. ఆమెతోపాటే రాకెట్ పట్టిన 170 సెంటీమీటర్ల స్నేహితురాలికి ఏడు పడ్డాయి.

ఆ రోజు టెన్నిస్ నేర్పే సార్ అందరిముందూ, “నెట్ అవతల నువ్వున్నావో లేదో వెతుక్కోవాల్సి వస్తోందమ్మా, టేబుల్ టెన్నిస్‌కి మారిపో” అన్నారు. క్లాసంతా నవ్వింది, ఈమె కూడా నవ్వారు. తర్వాత విడిగా వెళ్లి అడిగితే ఆయన దయగానే మాట్లాడారు. తమ కాలేజీలోనే ఒక సీనియర్ చేసిన పరిశోధనలో విద్యార్థుల ఎత్తుకూ టెన్నిస్ నైపుణ్యాలకూ సంబంధం ఉందని తేలిందనీ, అంకెలతో వాదించలేమనీ చెప్పారు. ప్రత్యేక క్రీడ మార్చుకునే గడువు ఈ నెలాఖరు.

ఇంట్లో సంగతి వేరు. మేనమామ ఎత్తు పెరిగే పొడి డబ్బాలు తెచ్చి ఇచ్చారు. ఈమె రోజూ ఉదయం పుల్‌అప్ బార్‌కు వేలాడుతున్నారు. “నా ఎత్తుతో ఈ ఆట వస్తుందా? లేక నలుగురూ నవ్వకముందే మానుకోవడం మంచిదా? రేపు బడిలో పిల్లలకు నేర్పేటప్పుడు నేను సర్వ్ చేసి చూపించలేకపోతే వాళ్ల ముందు నా గౌరవం ఏమవుతుంది?” ఇవీ ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మీ బాధ కనిపించింది. రెండోసారి మూడో పేజీలో మీరు యథాలాపంగా రాసిన ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను: “ఫోర్‌హ్యాండ్ పట్టుతోనే సర్వ్ చేస్తాను సార్, వేరే పట్టు పడితే బంతి పక్కకు పోతోంది.” ఉత్తరంలో ఎత్తు అనే మాట ఎన్నో చోట్ల ఉంది, పట్టు అనే మాట ఈ ఒక్కచోటే ఉంది. నా అనుమానమంతా ఈ ఒక్కచోటనే. దాని దగ్గరికి వస్తాను. అంతకుముందు ఎత్తు లెక్క తేల్చుకుందాం, ఎందుకంటే “ఎత్తుతో పనేముంది, పట్టుదల ఉంటే చాలు” అని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టడం నాకిష్టం లేదు. టెన్నిస్‌లో ఎత్తుతో పని ఉంది. ఎక్కడ ఉంది, ఎంత ఉంది అన్నదే అసలు విషయం.

కోర్టు కొలతలు మీకు కంఠతా వచ్చే ఉంటాయి. సర్వ్ చేసేవాళ్లు నిలబడే బేస్‌లైన్ నుంచి నెట్‌కు 39 అడుగులు, నెట్ నుంచి, బంతి దాటకుండా పడాల్సిన సర్వీస్ గీతకు 21 అడుగులు. నెట్ మధ్యలో 3 అడుగుల ఎత్తు. ఇప్పుడు గురుత్వాకర్షణ లేదనుకుని, బంతి గీత గీసినట్టు తిన్నగా పోతుందనుకోండి. మధ్య గీత వెంట నెట్ అంచును తాకీతాకకుండా దాటి సర్వీస్ గీత మీద పడాలంటే బంతిని ఎంత ఎత్తున కొట్టాలి? త్రిభుజాల లెక్క వేస్తే 8.57 అడుగులు, అంటే 2.61 మీటర్లు వస్తుంది. రాకెట్‌తో చేయి పూర్తిగా చాపి సర్వ్ చేసేటప్పుడు మనిషి బంతిని కొట్టే ఎత్తు సుమారుగా తన ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. మీకు అది 2.28 మీటర్లు, మీ స్నేహితురాలికి 2.55. ఈ లెక్క ఇక్కడితో ఆపేస్తే మీ ఇద్దరూ ఆట మానేయాలి. మీ సారూ బహుశా మానేయాలి.

గురుత్వాకర్షణ ఉంది కాబట్టే ఆట నడుస్తోంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో మీరు 2.28 మీటర్ల ఎత్తు నుంచి బంతిని నేలకు సమాంతరంగా కొట్టారనుకోండి. గాలి నిరోధం కూడా కలిపి లెక్కవేస్తే, నెట్ చేరేసరికి అది మీటరుకు కాస్త పైగా కిందికి దిగుతుంది. అప్పటికీ నెట్‌కు దాదాపు అడుగు పైనుంచే దాటుతుంది. సర్వీస్ గీత ఇంకా మీటరున్నర దూరం ఉండగానే నేలను తాకుతుంది. అంటే స్పిన్ సాయం ఏమీ లేకుండానే బంతి లోపల పడుతుంది. సర్వీస్ ఐమూలగా పోవాలి, నెట్ పక్కలకు పోయేకొద్దీ కాస్త ఎత్తవుతుంది, కాబట్టి అంకెలు కొద్దిగా మారతాయి, తీర్పు మారదు. ఇంకా నెమ్మదిగా కొడితే బంతిని కాస్త పైకి పంపాలి, అంతే.

వేగం పెరిగేకొద్దీ బంతికి కిందికి దిగే సమయం చాలదు. నెట్‌కూ సర్వీస్ గీతకూ మధ్య తప్పు చేసినా చెల్లిపోయే సందు సన్నబడుతూ పోతుంది. అక్కడే పొడవైనవాళ్లకు లాభం. 208 సెంటీమీటర్ల అమెరికన్ ఆటగాడు జాన్ ఇస్నర్ 2016 డేవిస్ కప్‌లో గంటకు 253 కిలోమీటర్ల వేగంతో సర్వ్ చేశాడు. 211 సెంటీమీటర్ల క్రొయేషియా ఆటగాడు ఐవో కార్లోవిచ్ జీవితమంతా ఆ ఒక్క స్ట్రోక్ మీదే నెగ్గుకొచ్చాడు. 2010 వింబుల్డన్‌లో ఇస్నర్, నికొలా మహూ ఆడిన మ్యాచ్ 11 గంటల 5 నిమిషాలు సాగి, చివరి సెట్ 70-68తో ముగిసింది. అందులో ఇస్నర్ ఒక్కడే 113 ఏస్‌లు, అంటే ఎదుటివాడు రాకెట్ కూడా తాకించలేని సర్వీస్‌లు, కొట్టాడు. అటువంటి చోట ఎత్తు తక్కువైనవాడు నష్టపోతాడంటే ఒప్పుకుంటాను. మీ కాలేజీ కోర్టులో, గుండు గీసినట్టు బొచ్చు పోయిన పాత బంతులతో, ఆటలో రెండేళ్లు కూడా నిండని వాళ్లమధ్య పదింట్లో రెండు పడ్డాయంటే ఆ నేరాన్ని ఎత్తు మీదికి నెట్టడానికి నేను సిద్ధంగా లేను.

ఇప్పుడు పట్టు దగ్గరికి వద్దాం. ఫోర్‌హ్యాండ్ పట్టుతో సర్వ్ చేస్తే రాకెట్ ముఖం ముందే ఆకాశంవైపు తెరుచుకుంటుంది. బంతి గీత దాటి దూరంగా పోకుండా ఉండాలంటే మోచేయి వంచి, చేతిని ముందుకు లాగి, తోసినట్టు కొట్టక తప్పదు. మోచేయి వంగిన క్షణంలోనే జానెడు ఎత్తు పోతుంది. అంటే మీకూ మీ స్నేహితురాలికీ మధ్య పుట్టుకతో ఉన్న తేడాలో చాలా భాగానికి సమానమైనంత ఎత్తును మీ చేతులారా వదులుకుంటున్నారు. ఇక తోసిన బంతికి స్పిన్ ఉండదు. వేగమూ ఉండదు. అది నెట్‌కు తగలాలి, లేదంటే బయట పడాలి.

సర్వీస్‌కు కావలసింది కాంటినెంటల్ గ్రిప్. గొడ్డలి పట్టుకున్నట్టు పట్టుకుంటే దాదాపు అదే వస్తుంది. ఆ పట్టు పడితే బంతి పక్కకు పోతోందని మీరు రాశారు. పోవాలి కూడా! మీరు ముంజేతిని తిప్పడం లేదు కాబట్టి రాకెట్ అంచు బంతిని కోసుకుంటూ పోతోంది. చివరి క్షణంలో అరచేయి బయటికి తిరిగేలా ముంజేయి తిరగాలి. కోచ్‌లు దాన్ని ప్రొనేషన్ అంటారు. మొదట్లో అందరికీ ఇలాగే పక్కకు పోతుంది. చాలామంది అక్కడే బెదిరిపోయి పాత పట్టుకు వెళ్లిపోతారు. పరీక్షలు దగ్గరపడుతుంటే విద్యార్థులు మరీ ఎక్కువగా ఆ పని చేస్తారు.

నా మాట నమ్మనక్కరలేదు, కొలిచి చూడండి. ఒక గోడ దగ్గర ముని వేళ్ల మీద నిలబడి, రాకెట్ పైకి చాపి, తీగల మధ్యభాగం తాకిన చోట సుద్దతో గుర్తుపెట్టండి. నేల నుంచి కొలవండి. తర్వాత ఎవరినైనా ఫోను పట్టుకుని పక్కనుంచి, నడుము ఎత్తులో, కదలకుండా వీడియో తీయమనండి. కెమెరాకు మీరున్నంత దూరంలోనే తెలిసిన ఎత్తున్న స్తంభమో గోడో కనబడాలి. నెమ్మదిగా నడిపి బంతి తగిలిన క్షణంలో ఆపి, ఆ ఎత్తుకూ మీ సుద్ద గుర్తుకూ తేడా చూడండి. తేడా నాలుగైదు సెంటీమీటర్లే ఉంటే నా అనుమానం తప్పు, మీ సార్ మాటకు బలం పెరుగుతుంది. తేడా జానెడు ఉంటే సమస్య మీ ఎముకల పొడవులో లేదని తేలిపోతుంది. ఇదే పని మీ స్నేహితురాలి సర్వీస్‌కూ చేయండి. ఆమె మోచేయి చాపుతోందో లేదో చూడడం సరదాగా కూడా ఉంటుంది.

వీడియోలో టాస్, అంటే సర్వీస్‌కు బంతిని పైకి విసరడం కూడా చూడండి. బంతిని మీ అందుకు మించిన ఎత్తుకు విసిరి, దిగుతుండగా కొట్టాలి. పొట్టిగా ఉన్నామన్న భయంతో కొందరు టాస్ తక్కువగా వేస్తారు. దాంతో తొందరపడి ఒళ్లు ముడుచుకుపోయి, ఉన్న ఎత్తు కూడా వాడుకోలేకపోతారు. మోకాళ్లు వంచి పైకి లేవడం మీకు కొత్త కాదు. ఖో-ఖోలో కూర్చున్న చోటు నుంచి ఒక్క ఉదుటున లేచి పరుగెత్తిన కాళ్లు మీవి. ఆ లేవడం సర్వీస్‌లో ఎందుకు కనబడడం లేదో మీకు మీరే ప్రశ్న వేసుకోండి.

పట్టు కుదిరాక ఎత్తు తక్కువైనవాళ్లకు నిజమైన మిత్రుడు స్పిన్. బంతి వెనుకభాగాన్ని కిందినుంచి పైకి ఒరుసుకుంటూ కొడితే టాప్‌స్పిన్ వల్ల అది నెట్‌కు బాగా పైనుంచి వెళ్లి కూడా వేగంగా కిందికి దిగుతుంది. పక్కగా ఒరిస్తే స్లైస్, అది బంతిని ఎదుటివాళ్ల నుంచి దూరంగా లాగుతుంది. మొదట స్లైస్ నేర్చుకోండి, తేలిక. పడ్డాక ఎత్తుగా లేచే కిక్ సర్వీస్‌కు ఇప్పుడే పోకండి, నడుం మీద భారం పడుతుంది. మీకున్న గడువులో అది పూర్తికాదు కూడా.

మిగతా స్ట్రోకుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎందుకంటే మీ మార్కులే చెబుతున్నాయి. డయర్ పరీక్షలో గోడకు 5 అడుగుల దూరంలో నిలబడి 3 అడుగుల గీతకు పైన 30 సెకన్లలో ఎన్నిసార్లు కొట్టగలిగారన్నదే లెక్క. అక్కడ కావలసినవి కాళ్లు, కళ్లు, చిన్న స్వింగ్. అందులో రెండో స్థానం వచ్చిన అమ్మాయికి టెన్నిస్ రాదని ఎవరు చెప్పినా ఒక్క స్ట్రోక్‌ను చూసి చెబుతున్నట్టే. ఒక చిక్కు మాత్రం ముందుముందు వస్తుంది. టాప్‌స్పిన్ బంతులు మీ భుజం పైకి లేస్తాయి. పొడవైనవాళ్లు నడుము దగ్గర కొట్టే బంతిని మీరు చెవి దగ్గర కొట్టాల్సి వస్తుంది. ముందుకు జరిగి బంతి లేస్తుండగానే కొట్టడం, లేదా రెండడుగులు వెనక్కి వెళ్లి దిగనివ్వడం, ఇవి రెండే దారులు. ముందుకు జరగడం కష్టం, కానీ మీ కాళ్లకు అదే నప్పుతుంది. నెట్ దగ్గర, ఎత్తుగా లేపి కొట్టే లాబ్‌లు మీ తలమీదుగా పోతాయి కాబట్టి అక్కడ అందరికంటే ఒక అడుగు వెనుక నిలబడండి.

ఆడి చూపినవాళ్లు కావాలంటే ఉన్నారు. ఇటలీ క్రీడాకారిణి జాస్మిన్ పావొలీని ఎత్తు 163 సెంటీమీటర్లు. 2024లో ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ రెండింటిలోనూ ఫైనల్ ఆడింది. 161 సెంటీమీటర్ల స్లొవేకియా అమ్మాయి డొమినికా సిబుల్కోవా 2014లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్‌కు చేరింది. అర్జెంటీనాకు చెందిన డియెగో ష్వార్ట్స్‌మన్ 170 సెంటీమీటర్లే ఉండి 2020లో రోమ్‌లో నాదల్‌ను ఓడించి, అదే ఏడాది ప్రపంచ ర్యాంకుల్లో తొలి పదిలోకి వెళ్లాడు. వాళ్లు మీకంటే పొడవే అని మీరు వెంటనే అంటారని తెలుసు. నిజమే, వాళ్లు పోటీపడింది కూడా మీ సార్ పెట్టిన పరీక్షలో కాదు కదా. ఈ పేర్లను అద్దంలో చూసి ధైర్యం తెచ్చుకోవడానికి చెప్పడం లేదు. వాళ్ల ఆట వీడియోలు చూసి, రిటర్న్ చేసేటప్పుడు ఎక్కడ నిలబడతారో, రెండో సర్వీస్ ఎలా వేస్తారో గమనించడానికి చెబుతున్నాను. మన ఆటగాళ్లలో రమేశ్ కృష్ణన్‌ది పేరున్న మెత్తని సర్వీస్. అయినా మూడుసార్లు గ్రాండ్‌స్లామ్ క్వార్టర్‌ఫైనల్ ఆడాడు.

ఇక ఆ పరిశోధన. “అంకెలతో వాదించలేం” అన్నారట మీ సార్. అంకెలతోనే వాదించాలి, వాటికి జవాబు చెప్పడం వచ్చు. మీకు కొలత, మూల్యాంకనం పాఠంలో సహసంబంధ గుణకం, అంటే రెండు కొలతలు ఎంతవరకు కలిసి మారతాయో చెప్పే అంకె, ఉంటుంది. లైబ్రరీలో ఆ సీనియర్ ప్రతిని తీసి, ఈ నాలుగు విషయాలు చూడండి.

ఎంతమందిని కొలిచారు? మన కాలేజీల్లో తరచుగా ఒక క్లాసు, ముప్పై మంది. ముప్పై మందితో చేస్తే గుణకం 0.361 దాటగానే 0.05 స్థాయిలో “సార్థకం” అని రాసేస్తారు. ఆ మాటకు అర్థం సంబంధం సున్నా కాకపోవచ్చని మాత్రమే. అది బలమైన సంబంధమని కాదు. మాట వరసకు గుణకం 0.4 వచ్చిందనుకోండి. దాని వర్గం 0.16. అంటే విద్యార్థుల సర్వీస్ మార్కుల మధ్య ఉన్న హెచ్చుతగ్గుల్లో ఎత్తుతో ముడిపడినది 16 శాతం, మిగిలిన 84 శాతం వేరే కారణాలది. పైగా ముప్పై మందితో వచ్చిన 0.4 వెనుక అసలు విలువ 0.05 అయినా కావచ్చు, 0.67 అయినా కావచ్చు. అంత వెడల్పు ఉన్న అంకెను పట్టుకుని ఒక మనిషికి ఆట మార్చుకోమని చెప్పడం తొందరపాటు.

అబ్బాయిలనూ అమ్మాయిలనూ కలిపి లెక్కవేశారా? ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. అబ్బాయిలు సగటున పొడవు. వాళ్ల భుజబలం ఎక్కువ. చిన్నప్పటి నుంచి క్రికెట్ బంతి విసిరిన చేతులు వాళ్లవి. సర్వీస్ కదలిక బంతి విసరడానికి దగ్గరి చుట్టం. ఇద్దరినీ ఒకే పట్టికలో పోసి లెక్కకడితే ఎత్తుకూ సర్వీస్‌కూ సంబంధం తప్పకుండా కనబడుతుంది. అది ఎత్తు చేసిన పని కాకపోవచ్చు. అబ్బాయిలను విడిగా, అమ్మాయిలను విడిగా కట్టి చూస్తే ఎంత మిగులుతుందో అప్పుడు మాట్లాడాలి.

ఏ స్ట్రోకు? “టెన్నిస్ నైపుణ్యాలు” అని కలిపి చెప్పారా, సర్వీస్, ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ విడివిడిగా చూపారా? సర్వీస్‌లో కొంత సంబంధం వస్తే నాకు ఆశ్చర్యం లేదు. బ్యాక్‌హ్యాండ్‌లోనూ గట్టిగా వచ్చిందంటే మాత్రం ఆ లెక్క మళ్లీ చూడాలి.

నాలుగోది, ఎవరు ఎన్నాళ్లుగా ఆడుతున్నారో నమోదు చేశారా? పట్నం నుంచి వచ్చి ముందే రాకెట్ పట్టినవాళ్లు, మీలా కాలేజీలోనే పట్టినవాళ్లు ఒకే గుంపులో ఉంటే ఫలితం దేని గురించో చెప్పలేం.

ఇవన్నీ చూశాక కూడా ఆ పరిశోధన నిలబడితే, ఒక విషయం గుర్తుంచుకోండి. సగటులు గుంపు గురించి చెబుతాయి. జట్టుకు అమ్మాయిలను ఏరుకోవాల్సిన కోచ్‌కు అవి కొంత పనికొస్తాయి. ఒక విద్యార్థిని ఏం చదవాలో తేల్చడానికి పనికిరావు, ముఖ్యంగా ఆమె సొంత మార్కులు ఎదురుగా ఉన్నప్పుడు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. నెలాఖరులోపు తేల్చాలి కాబట్టి వీడియో పని ఈ వారంలోనే అయిపోవాలి.

టెన్నిస్‌లోనే ఉండడం మొదటిది. పట్టు మార్చుకున్న మొదటి రెండు మూడు వారాలు మీ సర్వీస్ ఇప్పటికంటే ఘోరంగా ఉంటుంది. పదింట్లో రెండు కూడా పడకపోవచ్చు. ఆ రోజుల్లో ఎవరైనా నవ్వితే తట్టుకోవాలి. రోజుకు అరగంట ఒంటరిగా, బుట్టెడు బంతులతో చేయాలి. మొదట సర్వీస్ గీత దగ్గర నిలబడి కొట్టి, కుదిరేకొద్దీ వెనక్కి జరుగుతూ బేస్‌లైన్ చేరాలి. చివరి పరీక్షకు పదింట్లో ఐదారు పడే స్థితి అందుకోవచ్చని నా అంచనా. స్నేహితురాలి ఏడుకు చేరతారని మాటివ్వలేను. పరీక్ష టెన్నిస్ నైపుణ్యాలు కొలిచే హ్యూయిట్ పద్ధతిలో జరిగితే అందులో సర్వీస్ గురికీ వేగానికీ వేర్వేరు మార్కులుంటాయి. వేగం దగ్గర మీకు కొంత కోత పడుతుంది, గురి దగ్గర పడనక్కరలేదు. ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ డ్రైవ్‌ల దగ్గర మీరు తిరిగి రాబట్టుకోగలరు.

రెండోది టేబుల్ టెన్నిస్‌కు మారడం. అది చిన్న ఆట కాదు, ఓటమీ కాదు. మీ చేతివేగానికి బాగా నప్పవచ్చు. బడుల్లో కోర్టు లేనిచోట కూడా ఒక బల్ల దొరుకుతుంది. కానీ రాకెట్ పట్టు, మణికట్టు వాడకం, స్వింగ్ అన్నీ మారిపోతాయి, రెండో సంవత్సరం మధ్యలో మొదటి నుంచి మొదలుపెట్టాలి. టేబుల్ టెన్నిస్ మీద మీకు ఇష్టమున్నట్టు ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు. ఇష్టంతో మారితే సరే, పదిమంది నవ్వినందుకు మారితే అక్కడ ఎవరో మరొకటి అంటారు, అప్పుడెక్కడికి పోతారు?

మూడోది మీరు ఆలోచించినట్టు లేరు. ఖో-ఖోను ప్రత్యేక క్రీడగా తీసుకుని టెన్నిస్‌ను రెండో ఆటగా ఉంచుకోవడం, మీ కాలేజీ నిబంధనలు ఒప్పుకుంటేనే సుమా. మార్కుల పరంగా ఇది అన్నిటికంటే క్షేమం. తర్వాత డీఎస్సీ రాసి బడికి వెళితే మీ పిల్లలు ఎక్కువగా ఆడేవి ఖో-ఖో, కబడ్డీలే కావచ్చు. నష్టమేమిటంటే, మార్కుల పత్రంలో టెన్నిస్ రెండో వరుసకు పోతుంది, రేపు టెన్నిస్ కోచ్ కోర్సులకు వెళ్లాలనుకుంటే మొదటి నుంచి రుజువు చేసుకోవాలి. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉందని, ఉద్యోగం త్వరగా రావాలని రాశారు కాబట్టి దీన్ని తేలిగ్గా తోసేయకండి.

నేనైతే వీడియోలో జానెడు తేడా కనబడితే మొదటిదానివైపు మొగ్గుతాను, కనబడకపోతే మూడోదానివైపు. మీ ఇంటి పరిస్థితి మీకు తెలిసినంత నాకు తెలియదు. తేల్చవలసింది మీరే.

పిల్లల ముందు గౌరవం గురించి అడిగారు. మీరు నేర్పబోయే పిల్లల్లో చాలామంది మీకంటే పొట్టివాళ్లు. పెద్దల కోర్టు, పెద్దల బంతి పిల్లల ఒంటికి సరిపోవని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యే ఒప్పుకుంది. 2012 నుంచి పదేళ్లు, అంతకు లోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడరాదని నియమం పెట్టింది. ఎరుపు బంతి మామూలు బంతికంటే సుమారు 75 శాతం, నారింజ 50 శాతం, ఆకుపచ్చ 25 శాతం నెమ్మది. ఎరుపు బంతి ఆటకు కోర్టు పొడవు సుమారు 11 నుంచి 13 మీటర్లే, నెట్ కూడా ఎత్తు తక్కువ. బంతి భుజం పైకి లేచినప్పుడు పిల్లవాడికి ఎందుకు చేతకావడం లేదో ఆరడుగుల మాస్టారు పుస్తకంలో చదివి తెలుసుకోవాలి. మీకు ఆ అవసరం లేదు. పిల్లలకు ఏస్ కొట్టి చూపించాల్సిన పని మీకు ఎప్పుడూ రాదు. పట్టు, టాస్, చేయి చాపడం తప్పులేకుండా చూపించాలి, అందుకోసమైనా ఈ సర్వీస్ సరిచేసుకోండి.

మీ సార్‌తో మాట్లాడే విషయం. ఆయన అందరిముందూ అన్న మాట అనకూడనిది. మీరు కూడా నవ్వారు కాబట్టి అది మిమ్మల్ని ఎంత తాకిందో ఆయనకు తెలియకపోవచ్చు. విడిగా వెళితే దయగా మాట్లాడారని మీరే రాశారు. అందుకే పోట్లాటగా కాకుండా పనిగా వెళ్లండి. వీడియో చూపించి, “సార్, నా చేయి ఇక్కడ వంగిపోతోంది, పట్టు మార్చుకుంటున్నాను, వారానికి ఒకసారి చూసి చెబుతారా” అని అడగండి. అడిగిన విద్యార్థిని కాదనే మాస్టారు అరుదు. ఎత్తు ప్రస్తావన మీ నోటి నుంచి రానివ్వకండి. ఆయన మళ్లీ అందరిముందూ అదే హాస్యం ఆడితే, ఈసారి నవ్వకండి. తర్వాత విడిగా, “ఆ మాట నాకు కష్టంగా ఉంది సార్” అని ఒక్క వాక్యం చెప్పండి. అప్పటికీ ఆపకపోతే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లే హక్కు మీకుంది, కానీ ప్రాక్టికల్ మార్కులు ఆయన చేతిలో ఉండగా అది చివరి మెట్టుగానే ఉంచుకోండి. వెళ్లేటట్టయితే ఒక్కరే కాకుండా, ఆ మాట విన్న స్నేహితురాలిని వెంటబెట్టుకుని వెళ్లండి.

మామయ్య తెచ్చిన పొడి డబ్బాలు పక్కన పెట్టేయండి. అమ్మాయిల ఎముకల చివర్లలో పెరిగే భాగాలు సాధారణంగా పదహారు, పదిహేడేళ్లకే మూసుకుపోతాయి. 23 ఏళ్లకు ఏ పొడీ, ఏ మాత్రా వాటిని తెరవలేదు. మామయ్యతో “అక్కర్లేదు మామయ్యా, ఆ డబ్బుతో నాకు కొత్త బంతుల డబ్బా కొనిపెట్టు” అనండి, ఆయనా నొచ్చుకోడు. బార్‌కు వేలాడడం మాత్రం మానకండి. ఎత్తు అంగుళం కూడా పెరగదు గానీ, చేతిపట్టు గట్టిపడుతుంది, అది సర్వీస్‌కు మంచిదే.

చివరగా రాకెట్. కాలేజీ రాకెట్‌తోనే ఆడుతున్నానని రాశారు. దాని పిడి లావెంతో చూశారా? కాలేజీలు అందరికీ కలిపి కొనేటప్పుడు మగవాళ్ల చేతికి సరిపడే లావు పిడివే కొంటుంటాయి. మీ చేతికి చుట్టుకొలత నాలుగుంబావు అంగుళాలు, లేదా అంతకంటే ఒక మెట్టు సన్నని పిడి కావాలి. పిడి లావైతే కాంటినెంటల్ పట్టులో ముంజేయి సులువుగా తిరగదు, బంతి పక్కకు పోతుంటుంది. మామూలు 27 అంగుళాలకు బదులు 28 అంగుళాల రాకెట్ కొంటే ఎత్తు కలిసొస్తుందని ఎవరైనా చెప్పవచ్చు. నియమాలు 29 అంగుళాల వరకు ఒప్పుకుంటాయి, అమెరికన్ ఆటగాడు మైకేల్ చాంగ్ పొడవు రాకెట్‌తోనూ ఆడాడు. కానీ పొడవు పెరిగేకొద్దీ రాకెట్ చేతికి బరువుగా తిరుగుతుంది, నేర్చుకునే దశలో భుజం నొప్పి తెచ్చుకుంటారు. ముందు స్టోర్‌లో ఉన్న రాకెట్లన్నీ తీయించి, సన్నని పిడి ఉన్నది ఏదైనా ఉందేమో వెతకండి.